పైన మంచు, క్రింద ఉక్క



చెఱువు నిండియున్నను చివరి చేను ఎండుచున్నచో, వివేకియైన రైతు చెఱువును త్రవ్వబోడు. కాలువ వెంబడి నడచి, పూడిక యెక్కడ పేరినదో, తూము తలుపెక్కడ బిగిసినదో చూచును. మన యిండ్లలోని ఫ్రిజ్జునకును ఈ న్యాయమే వర్తించును. పైయరయైన ఫ్రీజరులో నీరు ఱాయివలె గడ్డకట్టుచుండగా, క్రిందియరలో పాలు విఱిగిపోవుచున్నచో, "గ్యాసు పోయినది" అని తొందరపడి ధనము వెచ్చింపరాదు. గ్యాసు పోయినచో పైయరయు గడ్డకట్టదు. కొంత తగ్గినచో ఒక మూలనే మంచుపట్టి, గడ్డ మెత్తబడును. పైన గడ్డ గట్టిగానున్నచో చలువ పుట్టుచునే యున్నది. చేరవలసిన చోటికి చేరుట లేదని తలపవలెను.

చలువ పుట్టు విధము మనకు క్రొత్తది కాదు. కూజా గోడలకు చెమర్చిన నీరు ఆవిరియగుచు లోని నీటి వేడిని గొనిపోవును. ఫ్రిజ్జునందును ఒక ద్రవము గొట్టములలో ఆవిరియగుచు లోపలి వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ యావిరిని అదిమి పంపగా, అది వేడిని వెలుపల విడిచి మరల ద్రవమగును. 1834వ సంవత్సరమున లండనునందు జేకబ్ పెర్కిన్సు పేటెంటు పొందిన యంత్రమునకును మూలసూత్ర మిదియే.

రెండు తలుపుల ఫ్రిజ్జులలో పెక్కింటియందు ఈ చలువగొట్టములు పైయర వెనుక పలకచాటున నుండును. చిన్న ఫ్యాను ఒకటి ఆ చల్లనిగాలిని పైయరలోనికిని, సందుల గుండ క్రిందియరలోనికిని త్రోయును. దారిలో తూముతలుపు వంటి రెక్క యుండును. గొట్టములపై పేరిన మంచును కొన్ని గంటల కొకసారి హీటరు కరగించును. ఆ హీటరుగాని, దానిని నడపు భాగములుగాని చెడినచో మంచు పెరిగి దారిని మూసివేయును. పైయర గొట్టముల చెంతనే యుండుటచే గడ్డకట్టుచునే యుండును. క్రిందియరకు మాత్రము గాలి యందదు.

ఇక పరీక్షించు క్రమము. మొదట, చలువను హెచ్చించి తగ్గించు మీట ఎవరి చేతనైన తిరిగిపోయినదేమో చూడుడు. పిదప, గాలిసందులకు అడ్డముగా గిన్నెలు, కూరల సంచులు ఉన్నచో తీయుడు. మూడవది, తలుపు చుట్టునున్న రబ్బరు. తలుపు నడుమ కాగిత ముంచి మూసి లాగుడు. సులువుగా జారివచ్చినచో అచట వెలిగాలి చొచ్చుచున్నది. నాల్గవది, ఫ్యాను శబ్దము. తలుపు తెఱవగానే ఫ్యాను ఆగు ఫ్రిజ్జులు గలవు. వానియందు తలుపు ప్రక్కనున్న మీటను వ్రేలితో నొక్కి వినవలెను.

ఇవి సరిగానున్నచో మంచును శంకింపవలెను. పదార్థములను తీసి, ప్లగ్గును ఊడదీసి, తలుపులు తెఱచి, ఒక పగలు ఒక రాత్రి విడువుడు. నీరు కాఱును గనుక క్రింద గుడ్డలు పఱచుడు. మరల నడపినపుడు క్రిందియర చల్లబడి, కొన్ని దినములకో వారములకో తిరిగి మొదటికి వచ్చినచో, మంచు కరగించు భాగములను చూడుమని మెకానిక్కుతో చెప్పుడు. అసలే చల్లబడనిచో ఫ్యానును, రెక్కను చూడుమనుడు. జరిగినది వరుసగా చెప్పగల యజమానికి అక్కఱలేని ఖర్చు తప్పును.

ఒంటితలుపు ఫ్రిజ్జులలో సాధారణముగా ఫ్యాను ఉండదు. చల్లనిగాలి తన బరువుచేతనే క్రిందికి దిగును. పైయరకు మంచు మందముగా పేరినను, అరలపై కాగితములు, గుడ్డలు పఱచినను ఆ దిగుట కుంటుపడును. మంచు మందము కాకమునుపే డిఫ్రాస్టు మీట నొక్కవలెను. కత్తితో గాని, స్క్రూడ్రైవరుతో గాని పెకలింపరాదు. గొట్టమునకు చిల్లిపడినచో బాగుపడదగిన యంత్రము నిజముగనే చెడును. పైగా ఇప్పటి పెక్కు ఫ్రిజ్జులలోని ఐసోబ్యూటేను అను గ్యాసు నిప్పంటుకొను గుణము గలది.

ఇంత శ్రద్ధ యేల యనగా, పెక్కు యిండ్లలో మధుమేహరోగుల ఇన్సులిను ఆ క్రిందియరలోనే యుండును. మూతతీయని ఇన్సులినును 2 మొదలు 8 డిగ్రీల సెల్సియసు నడుమ నుంచవలెను. క్రింద చల్లగా లేదని దానిని పైయరలోనికి మార్చుట పెద్ద పొరపాటు; ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిను కరగినను పనికిరాదు. ఫ్రిజ్జు బాగగువఱకు దానిని పొరుగింటి ఫ్రిజ్జు క్రిందియరలో దాచుడు. అది యెంతకాలము వేడిలో నున్నదో వైద్యునకు చెప్పి, ఆయన మాట ప్రకారము వాడుడు. అట్లే, గంటల తరబడి వేడిలో నిలిచిన కూరలను, పాలను వాసన చూచి నమ్మరాదు. రోగము తెచ్చు క్రిములన్నియు కంపుకొట్టవు. పిల్లలకు పెట్టు అన్నము విషయమున, ముసలివారికి వేయు మందు విషయమున ఈ జాగ్రత్తను పెద్దలు ఇంటివారికి నేడే తెలియజెప్పుదురుగాక.