పాత పాకెట్ కంప్యూటర్లు – దొరకని విడిభాగాల వేట

(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



“మీ హాబీ గురించి పదిహేను నిమిషాలు మాట్లాడండి, బ్యాంకు సంగతులు మాత్రం వద్దు” అన్నారు నిర్వాహకులు. మొదటి మాట తప్పకుండా పాటిస్తాను. రెండో మాట ఎంతవరకు నిలబెట్టుకుంటానో మీరే చూడండి.

పిల్లలూ, ఈ బల్ల మీద ఉన్నదాన్ని చూసి చాలామంది కాలిక్యులేటర్ అనుకుంటారు. ఇది కంప్యూటరే. పేరు షార్ప్ పీసీ-1500, 1980ల ఆరంభంలో జపాన్‌లో తయారైంది. తెర మీద ఒకే వరుస, అందులో 26 అక్షరాలు. బేసిక్ భాషలో మనమే ప్రోగ్రాము రాసుకోవాలి. దానికి మిగిలే చోటు 1850 బైట్లు. మీ ఫోనులో ఒక చిన్న ఫొటోకు కూడా ఆ చోటు సరిపోదు. అయినా ఆ రోజుల్లో ఇంజనీర్లు, సర్వేయర్లు దీన్ని సంచిలో వేసుకుని పొలం గట్ల మీద, కాలవల వెంట లెక్కలు కట్టారు.

ఇలాంటి యంత్రాలు ఇప్పటికీ అక్కడక్కడ దొరుకుతాయి. దొరకనివి వాటి అనుబంధ పరికరాలు. ప్రింటరు, క్యాసెట్‌కు కలిపే తీగ, అదనపు మెమరీ, ప్రింటరులో పెట్టే అగ్గిపుల్లంత పెన్నులు. కారణం తేలికే. యంత్రం ఖరీదైనదని బీరువాలో దాస్తాం. తీగను ఏదో డబ్బాలో పడేస్తాం. ఇల్లు మారినప్పుడు బీరువా వెంట వస్తుంది, డబ్బా పాత సామాన్ల వాడికి పోతుంది.

నేను మేనేజ్‌మెంట్ చదువుకునే రోజుల్లో స్టోర్స్ పాఠంలో వి.ఇ.డి. విశ్లేషణ అని ఒకటి ఉండేది. విడిభాగాలను ధరను బట్టి కాకుండా, అవి లేకపోతే ఏది ఆగిపోతుందన్నదాన్ని బట్టి మూడు రకాలుగా విడదీస్తారు. వైటల్ అంటే లేకపోతే పనే ఆగిపోయేది. ఎసెన్షియల్ అంటే లేకపోతే పని కుంటుపడేది. డిజైరబుల్ అంటే ఉంటే మంచిది. మన ఇళ్లలో వాళ్లకు దీన్ని ఒక్క ముక్కలో చెప్పవచ్చు. స్ట్రాంగ్ రూములో ఎన్ని కోట్లున్నా, రెండో తాళంచెవి ఉన్న ఆఫీసరు ఆ పూట రాకపోతే కౌంటరులో ఒక్క రూపాయి కూడా కదలదు. తాళంచెవి ఖరీదెంత? ఆగిపోయే పని ఎంత? నా వేట అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా శాఖలో హెడ్ క్యాషియరుగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఈ యంత్రాన్ని, మూడు క్యాసెట్లను గుడ్డసంచిలో తెచ్చి నా చేతిలో పెట్టారు. వాళ్ల నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరు. కువైట్‌లో పనిచేసే బావమరిది ఈ యంత్రాన్ని తెచ్చి ఇచ్చారట. ఆయన పోయి చాలా ఏళ్లయింది. బ్యాటరీలు అయిపోయాక యంత్రంలోని ప్రోగ్రాములు ఎలాగూ చెరిగిపోయాయి. మిగిలినవి క్యాసెట్లే. వాటి మీద నాన్నగారి చేతిరాత.

“బాబూ, నాన్నగారు రాత్రిళ్లు కూర్చుని ఇందులో ఏదో రాసుకునేవారు. ఏం రాశారో మాకు ఎప్పుడూ తెలీదు. ఒక్కసారి చూడగలమా?” అన్నారు.

ఈ యంత్రానికి నేరుగా క్యాసెట్ రికార్డరు తగిలించలేం. మధ్యలో సీఈ-150 అనే పీఠం కావాలి. అదే నాలుగు రంగుల ప్రింటరు, అదే క్యాసెట్‌కు దారి. ఆయన దగ్గర అది లేదు. ఎవరైనా వెంటనే ఆ పీఠం కోసం వెతకడం మొదలుపెడతారు. కానీ ముందు వి.ఇ.డి. ప్రశ్న వేసుకోవాలి. ఇక్కడ వైటల్ ఏది? పీఠం కాదు, క్యాసెట్‌లో ఉన్నది. పీఠం ఈ ఏడాది దొరక్కపోతే వచ్చే ఏడాది దొరకవచ్చు. టేపుకు పట్టిన బూజు మాత్రం వచ్చే ఏడాదికి ఇంకా పెరుగుతుంది.

అందుకని ముందుగా క్యాసెట్ల పని పట్టాం. ప్రోగ్రాము క్యాసెట్‌లో శబ్దంగా ఉంటుంది. ఒకటికి ఒక స్వరం, సున్నాకు ఒక స్వరం. మంచి టేప్ ప్లేయరు సంపాదించి, హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి, ఆ శబ్దాన్ని కుదించకుండా డబ్ల్యూఏవీ ఫైలుగా ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేశాను. సైజు తగ్గుతుందని ఎంపీ3గా చేస్తే స్వరాల అంచులు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ ఫైలును తిరిగి ప్రోగ్రాముగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్లు అభిమానులు రాసిపెట్టినవి ఉన్నాయి.

మూడింటిలో రెండు క్యాసెట్లు పూర్తిగా వచ్చాయి. మూడోది మధ్యలో బూజు పట్టి, ఎన్నిసార్లు తిప్పినా ముందుకు సాగలేదు. వచ్చిన వాటిలో ఒకటి కాలవ గట్టుకు ఎంత మట్టి పోయాలో చెప్పే లెక్క. రెండోది లెవెల్ సర్వే లెక్క. ప్రోగ్రాములో యంత్రం పట్టించుకోని రిమార్కు వరుసలు ఉంటాయి, రాసినవాడు తన కోసం రాసుకునేవి. సర్వే లెక్క చివర అలాంటి వరుస ఒకటి ఉంది. ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాట: “తొందరపడకు, మళ్లీ చూడు.” పెద్దాయన అది చదివి కాసేపు ఏమీ అనలేదు. తరువాత, “నేను క్యాషు టాలీ చేసేటప్పుడు నాతో రోజూ ఇదే మాట అనేవారు” అన్నారు.

అప్పుడు మొదలైంది పీఠం వేట. లెక్క ల్యాప్‌టాప్‌లో చూడటం వేరు, ఆయన యంత్రంలోనే నడవడం వేరు కదా. ఈ వేటలో పనికొచ్చిన మూడు సంగతులు చెబుతాను.

మొదటిది, ఒకే వస్తువుకు రెండు పేర్లుంటాయి. ఇదే పీసీ-1500ను అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు టీఆర్ఎస్-80 పీసీ-2 పేరుతో అమ్మాయి. 1980లో వచ్చిన షార్ప్ పీసీ-1211 అక్కడ టీఆర్ఎస్-80 పాకెట్ కంప్యూటర్ అయింది. క్యాసియో పీబీ-100 పీసీ-4 అయింది. షార్ప్ పేరు మీద దొరకనిది రెండో పేరు మీద దొరుకుతుంది. ఒక్కోసారి అసలు పేరే ఉండదు. మాకు దొరికిన పీఠాన్ని అమ్మినాయన “కాలిక్యులేటర్ స్టాండు” అని రాశాడు. అందుకే పేరు చదివి వదిలేయకుండా ఫొటో చూడాలి.

రెండోది, కొనేముందు ఫొటోలు అడగాలి. యంత్రానికి కలిసే 60 పిన్నుల కనెక్టరు, పెన్నులు పెట్టే చక్రం, బ్యాటరీ వైపు, తీగ చివరలు. “పనిచేస్తుందో లేదో తెలియదు, అడాప్టరు లేదు” అని రాసి ఉంటే పనిచేయదనుకునే ధర కట్టాలి. పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిపాకే అసలు ధర. ఇంట్లో ఒక పరిమితి పెట్టుకుని, అది దాటితే వదిలేయాలి. వదిలేసిన రోజు మా ఇంట్లో కాఫీ కాస్త చిక్కగా వస్తుంది.

మూడోది, పేరు కాకుండా పని చూసి వెతకాలి. ఈ పీఠంలో బొమ్మలు గీసే యంత్రాంగం ఆల్ప్స్ అనే జపాన్ కంపెనీది. కామడోర్ 1520, అటారి 1020 ప్లాటర్లలోనూ ఆ కుటుంబానిదే ఉంది. అందుకే వాటి కోసం అమ్మిన చిన్న పెన్నులు మాకు పనికొచ్చాయి. కాగితం వెడల్పు 58 మిల్లీమీటర్లు. లెక్కల యంత్రాలకు వాడే మామూలు రోలు తెచ్చి, పీఠంలో పట్టేంత సన్నగా చుట్టుకున్నాం. లోపలి నికెల్ కాడ్మియం బ్యాటరీలు చచ్చి ఉన్నాయి, వాటిని మార్చాం. ఇలాంటి ప్లాటర్లలో మోటారు మీది బుల్లి ప్లాస్టిక్ పళ్లచక్రం ఏళ్లు గడిచేకొద్దీ పగులుతుంది. మాది అదృష్టవశాత్తు బాగుంది. అడాప్టరు పెట్టేముందు ప్లస్, మైనస్ తప్పక చూడండి. పాత జపాన్ పరికరాలు చాలావాటిలో నడి పిన్ను మైనస్, ఇప్పుడు బజారులో దొరికేవాటిలో ఎక్కువగా ప్లస్.

అన్నీ కుదిరాక, నాన్నగారి ప్రోగ్రాము ఆయన యంత్రంలోకే ఎక్కింది. పీఠం కిర్రుకిర్రుమంటూ దాన్ని నీలం రంగులో గీసింది. ఆ కాగితం ఇప్పుడు పెద్దాయన ఇంట్లో ఫ్రేములో ఉంది.

ఇతర కంపెనీల యంత్రాలదీ ఇదే కథ. 1979లో వచ్చిన హెచ్‌పీ-41సీ అంతరిక్షంలోకి కూడా వెళ్లింది, 1981లో స్పేస్ షటిల్ మొదటి యాత్రలో. దానికి అయస్కాంత కార్డులు చదివే పరికరం ఉంది. అందులో కార్డును లాగే రబ్బరు చక్రం కాలక్రమంలో బంకలా కరిగిపోతుంది. ఆ కాస్త రబ్బరు లేక ఎన్నో కార్డులు మూగబోయాయి. 1986 నాటి సయాన్ ఆర్గనైజర్ 2కు డేటాపాక్ అనే చిన్న డబ్బాలు ఉంటాయి. వాటిలో రాసింది చెరపాలంటే అతినీలలోహిత కాంతి పెట్టె కావాలి. పాత డేటాపాక్ దొరికితే ముందు లోపల ఏముందో చదవండి, చెరపడం తరువాత. ఎవరో తమ అమ్మకాల లెక్కలు, తమవాళ్ల చిరునామాలు అందులో ఉంచుకుని ఉంటారు.

ఇంకో మాట. ఈ వేటలో పోటీ ఉంటుంది గానీ, సాయం కూడా ఉంటుంది. పెట్టెతో సహా పూర్తిగా ఉన్న సెట్టును విడగొట్టి ముక్కలుగా అమ్మేవాళ్లను ప్రోత్సహించకండి. అలా ఒక సెట్టు విడిపోతే ఇంకో నాలుగు యంత్రాలు అసంపూర్ణమవుతాయి. నా పీఠం పని అయ్యాక, మరో ఇద్దరి క్యాసెట్ల కోసం అరువుకు వెళ్లి వచ్చింది. మనం బ్యాంకు వాళ్లం, అరువు ఇవ్వడం మనకు కొత్త కాదు. రశీదు మాత్రం తీసుకున్నాను.

చివరగా, ఇంటికి వెళ్లాక చేయదగినవి. ఇంట్లో ప్రతి పరికరం తీగకూ చిన్న కాగితం కట్టి, అది దేనిదో రాయండి. వాడని పరికరంలోంచి బ్యాటరీలు తీసేయండి, కారితే లోపలి రాగిని తినేస్తాయి. పెద్దవాళ్ల క్యాసెట్లు, ఫ్లాపీలు, మెమరీ కార్డులు ఉంటే, వాళ్లు మనతో ఉండగానే “ఇందులో ఏముంది?” అని అడిగి పైన రాయించండి. భోగికి ముందు అటక దులిపేటప్పుడు తీగల డబ్బాను వెంటనే పారేయకండి. కిందికి దింపి, ఒక్కొక్కటీ తీసి, అది లేకపోతే ఏది ఆగిపోతుందో ఆలోచించండి. అప్పటికీ అర్థం కాకపోతే నాకు ఫోను చేయండి, ఆదివారమైనా సరే.

 యంత్రాన్ని ముట్టుకుని చూడాలనుకునే పిల్లలు భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. చేతులు మాత్రం కడుక్కుని రావాలి.