మంత్రగుప్తుని కళింగయాత్ర: గిడుగు వేంకట రామమూర్తి స్మారకోపన్యాసము

అధ్యక్షులకును, పండితమిత్రులకును, ఈ శ్రీకాకుళపు టెండలో భోజనానంతర నిద్రాసుఖమును త్యజించి వచ్చిన సభాసదులకును నమస్కారములు.

వాడుకభాష కోసము జీవితమును ధారవోసిన మహనీయుని పేరిట జరుగు సభకు గ్రాంథికవాసన వదలని నాబోటివానిని పిలుచుట నిర్వాహకుల యౌదార్యమో, పరిహాసమో నాకు తెలియరాలేదు. పంతులుగారే యిక్కడ నుండినచో నా వాక్యమునకొక తప్పు పట్టి, దానికి పూర్వకవిప్రయోగములు పది చూపి, ఈ వాక్యము మీ యింటిలో ఎవరితో ననియుందురని నన్ను నిలదీసెడివారు. ఆయన పర్వతాలపేటలో 1863లో జన్మించుటయు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడగుటయు, తణుకుసభలో గంటలతరబడి వాదించి పరిషత్పండితులను ఒప్పించుటయు మీకు కంఠపాఠములు. వానిని మరల వల్లించి మీ ఓర్పును పరీక్షింపను. నేటి ప్రసంగమునకు కావలసినవి ఆయన జీవితములోని రెండు ముచ్చటలే. విజయనగరమున మహారాజావారి పాఠశాలలో ఆయనయు గురజాడ అప్పారావుగారును సహాధ్యాయులై కలిసి పెరుగుట ఒకటి. తెలుగు వచ్చిన సవర నొకనిని ఇంట నుంచుకొని, వాని నోట ఆ భాష నేర్చి, మన్యపుకొండలెక్కి, ఆ జ్వరములకు వాడిన క్వినైనుచేత వినికిడిని పోగొట్టుకొనుట రెండవది. ఒకటి స్నేహము, రెండవది సాహసయాత్ర. ఈ రెండును కలిసిన కథావాఙ్మయమును గూర్చి ఆయన స్మృతిసభలో మాటాడుట అనుచితము కాదని నా నమ్మకము.

నవలయని మనమిప్పుడు వ్యవహరించు ప్రక్రియ 1870ల నాటిదని పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి, చెప్పనిండు. కాని యువకులైన మిత్రులు దేశముమీద బడి, ఆపదలు కొనితెచ్చుకొని, బ్రదికి బయటపడి, మరల నొకచోట కూడుకొని ఎవరికథ వారు చెప్పుకొను దీర్ఘగద్యకథ మన దేశములో దండినాటికే, అనగా క్రీస్తుశకము 700 ప్రాంతమునకే, పరిపక్వమై యున్నది. దశకుమారచరితము మీరందరు చదివినదే. రాజవాహను డొక బ్రాహ్మణునికి తోడుపడుటకై మిత్రులు నిద్రించుచుండగా పాతాళమునకు పోవును. తెల్లవారి లేచిచూచిన తొమ్మండుగురును అతనిని వెదకుచు తలయొక దిక్కునకు పోవుదురు. పీఠికలు దండి వ్రాసినవి కావని విమర్శకులు నిర్ణయించిరి, దానికి నేనును సమ్మతింతును. అయినను ఆ యెత్తుగడను ఎవరు కూర్చినను వారు మూలకథ యొక్క మర్మమును గ్రహించినవారే. మిత్రులు విడిపోవనిదే కథ లేదు. వెదకుటయే వారి స్నేహము. ఒకరిమీద నొకరికి గల ప్రేమను గూర్చి వారు పలికిన పలుకులు గ్రంథమంతటను వెదకినను గుప్పెడు కావు. ఒక్కొక్కడు తాను తిరిగిన దేశమును మూటగట్టి తెచ్చి మిత్రులముందు విప్పును, అంతే.

ఆ మిత్రులలో అపహారవర్మ చంపానగరములో చేసిన పనులు చూడుడు. దానము చేసి చేసి దరిద్రుడైన ధనమిత్రుడను వైశ్యుని స్నేహము కుదిరిన తరువాత, ఇద్దరును కలిసి యొక తోలుసంచికి మహిమలు కల్పింతురు. ప్రతిదినము వేకువను అది ధనము కురియునట. అయితే అన్యాయముగా నితరుల నుండి లాగుకొన్నది ముందుగా తిరిగి యిచ్చివేసిన వర్తకులకును వేశ్యలకును మాత్రమే ఫలించునట. ఆ నియమమును నమ్మి కామమంజరియను వేశ్య తాను దోచిన సొమ్మంతయు మరల పంచిపెట్టి చేతులు దులుపుకొనును. ఇంతటి వంచనను ఇంత ముచ్చటగా నడిపిన జంట మన కథలలో మరియొకటి లేదు. ప్రతికథ చివరను ఒక రాజకన్య సిద్ధముగా నుండుట మాత్రము నాకు విసుగు పుట్టించును.

ఇక నేను ఇన్నేండ్లుగా పట్టుకొని వ్రేలాడుచున్న సప్తమోచ్ఛ్వాసమునకు వత్తును. ఆ మిత్రులలో నొకడైన మంత్రగుప్తుని పెదవి ప్రియురాలి దంతక్షతముచే నొచ్చియున్నందున అతడు ఓష్ఠ్యాక్షరములు లేకుండ కథ చెప్పునన్న చమత్కారమును మెచ్చుకొని పండితులందరు అక్కడనే యాగిపోయిరి. నోటిలో ధ్వని యెక్కడ పుట్టునో సవరల నోళ్లుచూచి లెక్కకట్టిన రామమూర్తిగారికి ఆ చమత్కారము రుచించి యుండును. నేను మాత్రము అతడు వచ్చిన ఊరు చూడుడని మనవి చేయుచున్నాను. అతడు వచ్చినది కళింగమునకు, మన యూరికి.

కళింగనగరమునకు కొంతదూరములో శ్మశానమును, దానిని తాకుచు అడవియు నున్నవి. అతడు ఒక చెట్టుక్రింద చిగుళ్లు పరచుకొని పడుకొనగా, నడురేయి నొక సిద్ధుని దాస్యముచే వేసారిన భూతదంపతుల మొరలు వినవచ్చును. ఆ సిద్ధుడు కళింగరాజగు కర్దనుని కూతురు కనకలేఖను భూతముచే తెప్పించి తలనరుక బోవుచుండగా, మంత్రగుప్తుడు వానితలయే నరికి చెట్టుతొఱ్ఱలో దాచి, కన్యతో గూడ అంతఃపురము చేరును. ఇంతవరకు ఏ దేశములోనైన జరుగదగిన కథయే. దీనిమీదట నొక విషయము వచ్చును. వసంతము రాగా కళింగరాజు కూతురితోడను, అంతఃపురముతోడను, నగరజనముతోడను తరలిపోయి సముద్రతీరపు తోటలలో పదుమూడు దినములు విహరించును. ఆ విహారములో నేమరియుండగా ఆంధ్రదేశపు రాజు జయసింహుడు ఓడలలో సేనను తెచ్చి, రాజును కుటుంబముతో సహా పట్టుకొని పోవును.

సభ్యులారా, ఈ పదుమూడు దినములే నా వివాదమునకు మూలము.

గాంగుల కళింగనగరము వంశధార సముద్రములో కలియుచోటనున్న కళింగపట్టణమే యని ఫ్లీట్ దొరగారు నిర్ణయించిరి. కాదు, అది ముఖలింగమని, దానిని ఆనుకొనియున్న నగరికటకమును కలుపుకొని చూడవలెనని శాసనాధారములతో నిరూపించినవారు మన రామమూర్తిగారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనమును ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటమున ప్రకటించినప్పుడు, ఒక ఉన్నతపాఠశాలా ఉపాధ్యాయుడు రాజధానీనిర్ణయములో ఫ్లీటంతటివానిని ఖండించుట ఆనాటికి సామాన్యమైన సంగతి కాదు. ముఖలింగము నుండి సముద్రమునకు ముప్పది కిలోమీటర్లకు తక్కువ గాదు. ఇప్పుడు దండిని చూడుడు. నగరము రేవులోనే యుండినచో, రాజు ఊరిజనమునంతను వెంటబెట్టుకొని సముద్రతీరమునకు పోయి పదుమూడు దినములు మకాము వేయవలసిన యవసర మేమి? కళింగపట్టణములో నున్నవాడు సాయంకాలము కాళ్లు తడుపుకొని రాత్రికి ఇల్లు చేరును. ఇల్లును కోటయు వదలి దూరముగా పోయినవాడు గనుకనే ఓడలలో వచ్చిన శత్రువుకు తేరగా చిక్కెను.

దీనికి ప్రతివాదులు మూడు ఆక్షేపణలు చేయుదురు. కథలో భూగోళము వెదకరాదన్నది మొదటిది. ఈ మాట యనువారే రఘువు దిగ్విజయములో ప్రతి నదికిని రేవు చూపి పటములు గీయుదురు. వారి న్యాయము కాళిదాసుకొకటి, దండికొకటి. కాంచీపురపు కవి కళింగమును చూచి యెరుగడన్నది రెండవది. అవంతిసుందరీకథలో దండి తనను గూర్చి తానే చెప్పుకొన్న వృత్తాంతమున్నది. మహామల్లపురములో విష్ణుప్రతిమ చేయి విరుగగా నొక శిల్పి అతుకు తెలియకుండ కూర్చెనని విని, మిత్రులతో గూడి ఆ పనితనము చూచుటకు అతడు సముద్రతీరమునకు ప్రయాణమై పోయెను. ఒక అతుకు చూచుటకు స్నేహితులను వెంటబెట్టుకొని పోయినవాడు తూర్పుతీరపు నావికులనోట కళింగము సంగతులు విని యుండడనుట సాహసము. మూడవ యాక్షేపణ నిజముగా బలమైనది: ఖారవేలుని కళింగనగరము ఒడిశాలో భువనేశ్వరము చెంతను కలదు గదా, దండి చెప్పినది అది యేల కారాదు? దీనికి నా సమాధానము జయసింహుడే. ఆంధ్రరాజునకు దండి పెట్టిన ఆ పేరు వేంగీచాళుక్యులలో కుబ్జవిష్ణువర్ధనుని కుమారుని పేరు; ఆ విష్ణువర్ధనుని తామ్రశాసనమొకటి మన విజయనగరముజిల్లా చీపురుపల్లిలోనే దొరకినది. ఏడవ శతాబ్దమున వేంగివారికి ఎదురుగా నున్న కళింగము గాంగుల కళింగము, వంశధారాతీరపు కళింగము. రాతిమీద చెక్కినంత నిశ్చయముగా చెప్పలేకున్నను, కళింగపట్టణపక్షము వారికంటె నా చేతిలో నొక సాక్ష్యము హెచ్చుగా నున్నది.

కథాంతమును విడిచిపెట్టుటకు మనసొప్పదు. కనకలేఖను యక్షుడావహించినాడన్న వదంతి ఆంధ్రనగరమున పుట్టగా, మంత్రగుప్తుడు ఆ సిద్ధుని జడలే తలకు తగిలించుకొని, సముద్రమువంటి యొక కొలనిగట్టున తాపసియై కూర్చుండును. రాజునకు నూతనశరీరము ప్రసాదింతునని నమ్మించి, గట్టులో రహస్యముగా నొక బిలము త్రవ్వుకొని, జాలరులచే కొలనంతయు గాలింపించి, శంకకు తావులేకుండ చేసి, రాత్రి స్నానమునకు దిగిన జయసింహుని నీటిలోనే చంపి, బిలములో త్రోసి, రాజువేషమున తానే పైకి వచ్చును. ఆ కొలను కొల్లేరని యనువారు గలరు. నాకు పేచీ లేదు, పశ్చిమగోదావరివారికిని ఏదైన నొకటి మిగులవలయును గదా.

ఇంకొక్కమాట. పూర్వపీఠికలో మిత్రులలో నొకడైన ఉపహారవర్మను శిశువుగా నున్నప్పుడు కిరాతులు చండికకు బలియీయ బోయిరని కలదు. అడవిజాతుల వారిని తలచినంతనే బలిపీఠము తప్ప మరియొకటి తోచని కవులు వేయియేండ్లు రాజ్యమేలిరి. ఆ జాతులనడుమ కూర్చుండి, వారిమాటలు వ్రాసికొని, 1931లో వ్యాకరణమును, తరువాత నిఘంటువును వెలువరించి, స్వంతసొమ్ముతో వారికి బడులు పెట్టినవాడు ఈ జిల్లా మాస్టరుగారు.

తెలుగునకు వచ్చినచో, పదుమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన దశకుమారచరిత్రమును పండ్రెండాశ్వాసముల చంపువుగా తెనిగించి తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండియని బిరుదొందెను. ఇదియు మీకు తెలిసినదే. ఒక కవి కృతిని మరియొక కవి పేరిట పెట్టుట, అందును మిత్రులకథను పెట్టుట, నాకు మిక్కిలి నచ్చిన సంగతి. అటుపై ఆఱువందల యేండ్లను ఒక్క వాక్యములో దాటెదను, ప్రబంధాభిమానులు మన్నింపవలెను: నాయకులకు చెలికత్తెలును చిలుకలును హంసలును మిగిలిరి గాని, సమానుడైన మిత్రుడు కనబడుట మానివేసెను.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము నుండి బయలుదేరి కాశికి పోయి, మరుసటియేట జగన్నాథము మీదుగా ఈ శ్రీకాకుళపు బాటనే తిరిగి వచ్చిరి. దారి పొడుగునను ఇంటనున్న మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి తమ యాత్రావృత్తాంతమును వ్రాసి పంపుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు పోగా, 1838లో ఆ మిత్రుడే దానిని అచ్చొత్తించెను. అది నవల కాకపోవచ్చును. దశకుమారులు చేసినది మాత్రము వారిద్దరును చేసిరి: ఒకరు తిరిగిరి, ఒకరు వినిరి.

అధ్యక్షులవారు గడియారము వైపు రెండుమారులు చూచిరి, కావున త్వరపడెదను. వీరేశలింగముగారి సత్యరాజాపూర్వదేశయాత్రలలో యాత్ర యున్నది, ఎగతాళి యున్నది, మిత్రుడు లేడు. మధిర సుబ్బన్నదీక్షితులుగారి కాశీమజిలీకథలలో మణిసిద్ధునికి తోడుగా వచ్చినది గొల్లపిల్లవాడు. వాని ప్రశ్నలే కథలు పుట్టించుచున్నను, వారిద్దరి సంబంధము గురుశిష్యత గాని చెలిమి గాదు. మొక్కపాటివారి 1924 నాటి నవలలో పార్వతీశము ఒంటరిగా ఓడ యెక్కెను. అతని ఒంటరితనమే మన నవ్వునకు కారణము. యాత్ర మనవారికి దక్కినది, జంట జారిపోయినది. ఆ జంట మరల కానవచ్చినది పండితులు కన్నెత్తి చూడని చందమామ ధారావాహికలలో. దాసరి సుబ్రహ్మణ్యముగారి ఖడ్గవర్మయు జీవదత్తుడును, శిఖిముఖియు విక్రమకేసరియు అడవులలో మాంత్రికుల నెదిరించుచు తిరిగిన తీరును గూర్చి నేను వ్రాసికొని వచ్చిన పది పుటలు మడిచిపెట్టుచున్నాను. వానిని ఈ ప్రాంతపు పిల్లలు ఎంత యాతురతతో చదివిరో ముందువరుసలో కూర్చున్న పెద్దలనే యడుగుడు. దండి ముగింపని విశ్రుతుని కథను వచ్చు సంవత్సరపు ఉపన్యాసకునికి విడిచి, ముఖలింగము విషయమై నాతో వాదింపదలచినవారిని సభానంతరము వరండాలోనికి ఆహ్వానించుచు సెలవు తీసికొనుచున్నాను.