రాబందుల లెక్క మనకెందుకు?

(రైతు సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన కరపత్రాల్లో వడ్డీ వ్యాపారిని రాబందు అంటాం. పేదల భూములు మింగేవాణ్ణి భూ రాబందు అంటాం. ఆ తిట్టు నిజానికి రాబందుకే అన్యాయం. వడ్డీ వ్యాపారి బతికున్నవాణ్ణి పీక్కు తింటాడు, రాబందు చచ్చిన గొడ్డు దగ్గరికే వస్తుంది. మీలో యాభై దాటినవాళ్లు చూసే ఉంటారు. ఊరి బయట గొడ్డును పడేస్తే గుంపుగా దిగేవి, పూట గడిచేసరికి ఎముకలు తేలేవి. ఇప్పుడు ఆ పని ఊరకుక్కలు చేస్తున్నాయి. లేదంటే కళేబరం కుళ్లి వాసన కొడుతోంది.

ఈ మార్పును ముందుగా పసిగట్టి లెక్కలతో నిరూపించిన పక్షి శాస్త్రవేత్త విభు ప్రకాష్. రైతు సంఘం తరగతిలో పక్షుల మనిషి సంగతి ఏమిటని అనుకోవద్దు. ఆయన పరిశోధన అంతా చివరికి మన పశువుల కొట్టం దగ్గరికే వచ్చి ఆగింది.

ఆయన బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీలో పరిశోధకుడిగా పనిచేశారు. 1980లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ జాతీయ పార్కులో గద్దలు, డేగలు, రాబందుల మీద డాక్టరేట్ కోసం పనిచేశారు. ఏ చెట్టు మీద ఎన్ని గూళ్లున్నాయో చూడటం, నోటుబుక్కులో రాసుకోవడం, మళ్లీ మర్నాడు వెళ్లి చూడటం. అదీ పని. ఇలాంటివాటికి డబ్బు ఖర్చు పెట్టడం దండగ అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. ఆ రోజుల్లో ఆ ఒక్క పార్కులో తెల్లవీపు రాబందుల గూళ్లు 350కి పైగా ఉండేవి. పదేళ్ల తర్వాత ఆయనే అక్కడ మళ్లీ లెక్క తీస్తే సగం కూడా లేవు. కొమ్మల మీద మెడలు వేలాడేసి కూర్చున్నవి కొన్ని, చెట్ల కింద చచ్చిపడి ఉన్నవి కొన్ని. ఇంకొన్నేళ్లకు అక్కడ వాటి గూళ్లే లేకుండా పోయాయి. పాత నోటుబుక్కు లేకపోతే ఆ తేడా ఎవరికి తెలిసేది? 'ఎటో వలస పోయుంటాయిలే' అని సరిపెట్టుకునేవాళ్లం.

ఆయన 1999లో ఆ వివరాలు అచ్చువేశారు. తర్వాత దేశంలో 1990ల మొదట్లో లెక్కించిన దారుల వెంటే 2000లో మళ్లీ తిరిగి లెక్క తీశారు. తగ్గుదల 90 శాతం దాటింది. 2007 నాటికి తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి చొప్పున మిగిలాయి.

కారణం వెంటనే దొరకలేదు. మొదట అనుమానం పురుగుమందుల మీదికి, అంటే మన మీదికే వచ్చింది. తర్వాత ఏదో వైరస్ అనుకున్నారు. అసలు సంగతి 2004లో పాకిస్తాన్ పంజాబ్ నుంచి తెలిసింది. లిండ్సే ఓక్స్ అనే అమెరికా పశువైద్యుడి బృందం అక్కడ చచ్చిన రాబందులను కోసి చూసింది. మూత్రపిండాలు పాడై, లోపలి అవయవాల మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొర పేరుకుని ఉంది. ఇదంతా డైక్లోఫెనాక్ పని. వాపుకి, నొప్పికి, జ్వరానికి పశువులకు పొడిచే ఇంజెక్షన్ అది. అది పడ్డ గొడ్డు కొద్దిరోజుల్లోనే చనిపోతే మందు ఒంట్లోనే ఉంటుంది. ఆ మాంసం తిన్న రాబందు బతకదు.

ఇక్కడ ఒక లెక్క వినండి. కళేబరాల్లో నూటికి ఒక్కదానిలో కూడా ఈ మందు ఉండనక్కర్లేదు, అంతకంటే తక్కువైనా ఈ జాతి అంతరించే వేగంతో పడిపోతుందని బ్రిటన్ శాస్త్రవేత్త రిస్ గ్రీన్, ఆయనతో పనిచేసినవారు తేల్చారు. ఒక్క కళేబరం మీద పదులకొద్దీ రాబందులు వాలతాయి కదా. పైగా ఆడ రాబందు ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. నిషేధానికి ముందు మన దేశంలో కళేబరాల నమూనాలు తీసి చూస్తే దాదాపు 10 శాతంలో ఆ మందు దొరికింది.

మరి తప్పు రైతుదా? చౌకగా దొరికింది, పశువు లేచి నిలబడింది, వేయించుకున్నాడు. రాబందు చస్తుందని సీసా మీద ఎవరూ రాయలేదు. విభు ప్రకాష్‌తో పాటు పనిచేసినవాళ్లలో నాకు నచ్చింది ఏమిటంటే, మందు ఆపండని చెప్పి చేతులు దులుపుకోలేదు. బదులు ఏం వాడాలో వెతికారు. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని దక్షిణాఫ్రికాలో, ఇక్కడా పరీక్షించి చూపారు. 2006లో మన దేశం పశువులకు డైక్లోఫెనాక్ నిషేధించేనాటికి రైతు చేతికి ఇంకో మందు ఉంది. విత్తనాలప్పుడు, ఎరువులప్పుడు మన ప్రభుత్వాలు ఈ వరస పాటించింది ఎప్పుడో మీరే చెప్పండి.

నిషేధం వచ్చాక కూడా మనుషుల కోసమని 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు అమ్మారు. అవి పశువులకే పోయాయి. 2015లో మనుషులకు వాడేదాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. కంపెనీలు మద్రాసు హైకోర్టుకు వెళ్లినా 2017లో ఓడిపోయాయి. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడకుండా 2023లో నిషేధించారు. నిమెసులైడ్ వంతు ఆ తర్వాత వచ్చింది.

ఈలోగా విభు ప్రకాష్ హర్యానాలోని పింజోర్‌లో రాబందుల్ని పెంచి పిల్లలు చేయించే కేంద్రం నడిపారు. దాని పేరు జటాయు. అక్కడ వాటికి మేకమాంసం పెట్టాలంటే మేకల్ని ముందు కొన్నాళ్లు తమ దగ్గరే కట్టేసుకుంటారు, ఒంట్లో మందు ఏదైనా ఉంటే పోవాలని. అలా పుట్టి పెరిగినవాటిలో 8 రాబందుల్ని 2020లో బయటికి వదిలారు. ఇరవై ఏళ్ల కష్టానికి 8 పక్షులు! నష్టం ఎంత తేలికో, పూడ్చడం ఎంత కష్టమో చూడండి.

రాబందులు పోయాక మురుగు, కుక్కలు పెరిగి 2000 నుంచి 2005 దాకా దేశంలో దాదాపు 5 లక్షల మంది అదనంగా చనిపోయారని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అంచనా వేశారు. కుక్కకాటుకి సూదిమందు కోసం పట్నం పరిగెత్తేది ఎవరి పిల్లలో మనకు తెలుసు.

మన దగ్గర ఇంకా ఆశ ఉంది. ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట చరియల్లో పొడుగుముక్కు రాబందుల గూళ్లు 2013లో బయటపడ్డాయి. అవి మేతకు దిగేది ఆ చుట్టుపక్కల ఊళ్ల గొడ్ల మీదికే.

అందుకని ఇక్కడికి వచ్చిన మండల కమిటీలకు ఒక పని. ఈ నెలలోనే మీ పశువైద్యశాలకు వెళ్లి మెలాక్సికామ్ నిల్వ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే వినతిపత్రం ఇవ్వండి. ఊళ్లో సూది వేసేవారిని మందు పేరు అడగండి, బయట షాపులో ఏది అమ్ముతున్నారో పేరు, ధర రాసుకోండి. వేరే నొప్పి మందు పడి చచ్చిన గొడ్డును పారేయకుండా లోతుగా పాతిపెట్టాలి. గుంత తీయించే ఖర్చు పంచాయతీ భరించాలని అడుగుదాం. పోయిన గొడ్డు నష్టం చాలక జేసీబీ బాడుగ కూడా రైతే కట్టాలా? మీరు రాసుకున్న వివరాలు వచ్చే సమావేశానికి తెస్తే, జిల్లా పశుసంవర్ధక శాఖ అధికారి ముందు పెడదాం.