నల్లబురద దాచిన కాళ్లు

మా మాస్టారి పేరున ఏటా జరిగే ఈ ఉపన్యాసంలో నేను రాళ్ల గురించి మాట్లాడాలి. కోవూరులో రాళ్లెక్కడివి? పెన్న మోసుకొచ్చిన మట్టి, వరిమళ్లు, తూర్పుకు పోతే రొయ్యల గుంటలు. అందుకే గుంటతోనే మొదలుపెడతాను.

అడుగున నల్లబురద చేరి కుళ్లిన కోడిగుడ్డు వాసన కొడితే రొయ్య బతకదని సాగు చేసేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. మిగిలిన మేత కుళ్లుతూ ఆక్సిజన్‌ను తినేస్తుంది. అప్పుడు గాలితో పనిలేని బాక్టీరియా ఉప్పునీటిలోని సల్ఫేటు మీద బతుకుతూ హైడ్రోజన్ సల్ఫైడు వదులుతుంది. అది మట్టిలో ఇనుముతో కలిస్తే ఆ నలుపు. అదే కాలక్రమాన పైరైట్ అవుతుంది. ఇత్తడిలా మెరిసి, బంగారమని ఎందరినో భ్రమపెట్టిన ఖనిజం అది. కృష్ణా గోదావరి తీరానికి దూరంగా, మీథేన్ హైడ్రేటు కోసం 2006లో సముద్రం అడుగు నుంచి తీసిన మట్టిలోనూ అది ఉంది.

దాదాపు 45 కోట్ల ఏళ్ల కిందట ఇదే పని న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్ ఊరి దగ్గర జరిగింది. 1893లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ బీచర్ అక్కడ తవ్వించిన పొర మందం నాలుగు సెంటీమీటర్లే. అందులో ట్రైలోబైట్లున్నాయి. అవి పీతకూ జెర్రికీ దూరపు చుట్టాలు. మామూలుగా వాటి పెంకే మిగులుతుంది. ఇక్కడ మాత్రం కాళ్లు, మీసాలు కూడా పైరైట్‌గా మారి నిలిచాయి.

మరి మన గుంటలో చచ్చిన రొయ్య అలా నిలుస్తుందా? నిలవదు. మేత గుంటంతా పరుచుకుని ఉంటుంది గనక సల్ఫైడు బురదంతటా పుడుతుంది. రోమ్ దగ్గరి బురదలో ఇనుము దండిగా ఉంది, కుళ్లే పదార్థం తక్కువ. ఒక్కసారిగా పూడుకుపోయిన ఆ జీవి శరీరం ఒక్కటే బాక్టీరియాకు తిండి. అందుకే సల్ఫైడు ఆ కాలి దగ్గరే పుట్టి, అక్కడే ఇనుముతో కలిసి గట్టిపడింది. నన్ను ఇన్నేళ్లుగా పట్టి ఉంచిన విషయం ఇదే: కాలిని తిన్న బాక్టీరియానే దాని ఆకారాన్ని నిలబెట్టింది.

మన వైపునా శిలాజాలున్నాయి. ఒంగోలు వైపు వేమవరం రాళ్లలో దొరికిన మొక్కల శిలాజాలను శిలాజ శాస్త్రవేత్త ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వర్ణించాడు. అపురూపమైనవే. కానీ అవి చాలావరకు ఆకు అచ్చులు. పైరైట్ శిలాజంలో మందం కూడా మిగులుతుంది. చుట్టూ ఉన్న రాయికన్నా అది బరువు గనక, రాయి పగలగొట్టకుండానే సీటీ స్కాన్‌లో లోపలి జీవి కనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోనే దొరికిన ఇలాంటి పైరైట్ ట్రైలోబైట్ల తల కింద గుడ్లున్నట్టు 2017లో తేలింది. 2024లో రోమ్ దగ్గరి పొర నుంచి లోమాంకస్ అనే కొత్త జీవిని వర్ణించారు. దాని బంధువుల్లో ఎరను పట్టే ముందరి అవయవం, దీనిలో కొరడాల్లాంటి పోగులతో తడిమి తెలుసుకునే సాధనమైంది. పెంకు ఒక్కటే దొరికి ఉంటే ఈ సంగతి మనకు తెలిసేది కాదు.

మాస్టారి బీరువాలో ఒక పైరైట్ శంఖం ఉండేది. ఒక వానాకాలం తలుపు తీస్తే తెల్లటి పొడి, కింద కాలిపోయినట్టున్న కాగితం. తేమ తగిలితే పైరైట్‌లోంచి గంధకామ్లం పుడుతుంది. ఆరోజు మాస్టారు ఆ పొడిని పొట్లం కట్టి దాచారు, పారేయలేదు.

నేను తెచ్చిన అమ్మోనైట్ అనే చిన్న పైరైట్ శిలాజం ఆ బల్లమీద సీసాలో, సిలికా జెల్‌తో ఉంది. సభ అయ్యాక పిల్లలు ముందుగా రండి, పక్కనే భూతద్దం ఉంది. మూత మాత్రం తీయకండమ్మా, ఇవాళ సముద్రపు గాలి బాగా వీస్తోంది.