మన ఆటగాండ్రలో అగ్రగణ్యు లెవరు?



పూర్వము కొందరు పండితులు కూడి కవులను లెక్కింప మొదలిడిరట. మన దేశమున వ్రేళ్లమీది లెక్క చిటికెనవ్రేలితో నారంభమగును గదా. కాళిదాసుని పేరు చెప్పి చిటికెనవ్రేలు ముడిచిరి. తరువాతి వ్రేలు ముడుచుటకు ఆయనతో తులతూగువాని పేరు ఎవరికిని తోపలేదు. అందువలన ఆ వ్రేలికి అనామిక, అనగా పేరు లేనిది, అను పేరు సార్థకమైనదని పెద్దలు చమత్కారముగా చెప్పుదురు. గొప్పవారిని వరుసబెట్టు వేడుక మనకు నిన్న నేడు పుట్టినది కాదని ఈ కథ తెలుపుచున్నది. ఆ వేడుకయే యిప్పుడు కవులను విడిచి ఆటగాండ్ర మీదికి మరలినది.

కలువాయి మొదలుకొని ఆత్మకూరు, ఉదయగిరి వరకు ఏ యూరి రచ్చబండ చెంత నిలిచినను పడుచువారి నోట ఈ వాదమే వినవచ్చును. ఒకడు ఒక పేరు చెప్పును; వేరొకడు దానిని త్రోసిపుచ్చును. పెద్దలు దీనిని ప్రొద్దుపోక యాడు మాటగా తలంతురు. నేనట్లు తలంపను. ఒక జాతి యెవరిని గొప్పవారనునో దానినిబట్టి ఆ జాతి దేనిని గొప్పగా నెంచుచున్నదో తేటపడును. కావున నేటి ప్రసంగమున, ఆటనే వృత్తిగా, వ్రతముగా చేసికొన్న తెలుగువారిలో ఐదుగురిని లెక్కించి, అట్లేల లెక్కించితినో మనవి చేసెదను.

పేర్లకు ముందు కొలత చెప్పవలెను. మన సీమలో బండలాగుడు పందెము నెరుగనివారు లేరు. బండ బరువును, కాలమును ముందుగనే నిర్ణయింతురు. ఆ కాలములో ఏ జత బండను హెచ్చు దూరము లాగునో ఆ జతదే గెలుపు. రెండు పండ్ల కోడెలను ఆరు పండ్ల యెడ్లతో పోటీకి నిలుపరు. ఏ యీడు పశువులకు ఆ యీడుననే పందెము. అభిమానము జూచి దారము పొడిగింపరు. ఆటగాండ్ర సంగతి వచ్చునప్పటికి మనమీ న్యాయమును మరచెదము. మెచ్చిన పేరును ముందు పట్టుకొని, దానికి సరిపడు కొలతను తరువాత వెదకెదము.

ఇది మన దేశమునకే కలిగిన చిక్కు కాదు. అమెరికాలో బాస్కెట్ బాల్ అను ఆట గలదు. 1891లో నెయిస్మిత్ అను ఉపాధ్యాయుడు పండ్ల బుట్టలను వ్రేలాడగట్టించి ఆ యాటను కల్పించెను. నేడు దానిని వేతనము గొని యాడు మహాబలు లెందరో గలరు. వారిలో విల్ట్ చేంబర్లేన్ 1962లో ఒక్క పోటీయందే 100 పాయింట్లు సాధించెను. ఆయన సమకాలికుడైన బిల్ రసెల్ పాయింట్లలో ఆయనకు చాల దూరమున నుండెను. కాని 13 ఏండ్లలో 11 మారులు రసెల్ జట్టే విజేత యయ్యెను. వీరిలో నెవడు గొప్ప? తరువాత మైకేల్ జోర్డన్ 6 మారులు తన జట్టును గెలిపించెను. 2023లో లెబ్రాన్ జేమ్స్ మొత్తము పాయింట్లలో అందరిని దాటెను. అచటివారి వాదము అరువదియేండ్లు దాటినను తెగలేదు. ఒకడు పాయింట్లను లెక్కించును, ఒకడు గెలుపులను లెక్కించును. కొలత యొకటి కానప్పుడు తీర్పు ఒకటి యెట్లగును?

నా కొలతలు మూడు. మొదటిది, ఎంత పెద్ద సభలో ఎటువంటి ప్రతిస్పర్ధుల నెదిరించి యేమి సాధించిరి యనునది. రెండవది, ఆ బలము ఎన్నియేండ్లు నిలిచెను అనునది. మూడవది, తమ తరువాతివారికి ఏ త్రోవ తెరచిరి యనునది. మొదటి దానికి బరువు హెచ్చు. తక్కిన రెండును దానికి తోడు.

ఈ కొలతలు పట్టగనే ఒక మహాపురుషుడు లెక్కకు వెలుపల నిలిచిపోవుచున్నాడు. ఆయన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తి నాయుడు. కలియుగ భీముడని లోకము ఆయనను కొనియాడెను. ఱొమ్ముమీద ఏనుగును నిలుపుకొనుట, మోటారు కారులను కదలనీయక పట్టుట మున్నగు బలప్రదర్శనములను సర్కసు కూటమితో ఊరూర చూపి, ఆయన 1942లో గతించెను. విశాఖపట్టణపు సముద్రతీరమున ఆయన విగ్రహము గలదు. అయినను ప్రదర్శనము వేరు, పోటీ వేరు. ఎదుట సమానుడు నిలువని చోట తారతమ్యమునకు తావు లేదు. కావున ఆయనకు నమస్కరించి ముందునకు సాగుదము.

చిటికెనవ్రేలు పూసర్ల వెంకట సింధుకు. ఆమె యాట మన పల్లెలలో ఉన్నిబంతితో నాడు బాల్ బ్యాడ్మింటను కాదు. ఈకలు గుచ్చిన షటిల్‌తో నాడునది. 1995లో హైదరాబాదున పుట్టెను. తల్లిదండ్రు లిరువురును వాలీబాల్ ఆటగాండ్రు. తండ్రి రమణ 1986 ఆసియా క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులోనివాడు. సింధు 2016లో రియో ఒలింపిక్ క్రీడలయందు రజతమును, కరోనా వలన 2021లో జరిగిన టోక్యో క్రీడలయందు కాంస్యమును గెలిచెను. ప్రపంచ పోటీలలో 2013, 2014 సంవత్సరములందు కాంస్యములు, 2017, 2018 సంవత్సరములందు రజతములు, 2019లో స్వర్ణము పొందెను. ఇందొక విశేషమును చిత్తగింపుడు. 2017 తుది పోటీలో జపాను దేశపు ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి, కడపటి ఆటలో 20–22 తేడాతో ఓడెను. మరుసటి యేడును తుది పోటీలో ఓటమియే కలిగెను. తుదిలో గెలువలేదను నింద ఆమెపై పడెను. 2019లో ఆ ఒకుహరాయే తుది పోటీలో మరల నెదురుకాగా 21–7, 21–7 తేడాతో గెలిచెను. బ్యాడ్మింటనులో ప్రపంచ విజేతయైన మొదటి భారతీయ వ్యక్తి ఆమెయే. అంత పెద్ద సభలలో అన్నియేండ్లు నిలిచిన వేరొక తెలుగు క్రీడాకారుని నేనెరుగను. మొదటి కొలతయు, రెండవ కొలతయు ఆమె పక్షముననే పలుకుచున్నవి.

రెండవ వ్రేలు మన లెక్కలో అనామిక కాదు. కరణం మల్లీశ్వరి ఆ వ్రేలికి తగినది. శ్రీకాకుళపు జిల్లాలో ఆముదాలవలస చెంత ఊసవానిపేట యను చిన్నపల్లెలో పెరిగి, పండ్రెండేండ్ల యీడున నీలంశెట్టి అప్పన్న గారి యొద్ద బరువులెత్తుట నేర్వసాగెను. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలయందు స్త్రీలకు బరువులెత్తు పోటీని మొదటిసారి యేర్పరచిరి. ఈ యాటలో రెండు విధముల ఎత్తుట గలదు: ఒకటి ఒక్క ఊపున తలపైకి లేపుట, రెండవది భుజముల కెత్తి పిదప పైకి లేపుట. ఆమె మొదటి విధమున 110, రెండవ విధమున 130, మొత్తము 240 కిలోలు ఎత్తెను. స్వర్ణ రజతములు పొందిన చైనా, హంగేరీ వనితలు చెరియొక 242.5 కిలోలు ఎత్తిరి. కడపటి యత్నమున మల్లీశ్వరి రజతముతో తృప్తిపడక, స్వర్ణమునకై 137.5 కిలోలు కోరి యెత్తబోగా అది నిలువలేదు. కాంస్యమే దక్కెను. ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారతీయ స్త్రీ ఆమె. కొంచెము తక్కువ బరువు కోరియుండవలసినదని నేటికిని కొందరందురు. నేనట్లు అనను. లోకములో అగ్రస్థానమునకై చేయి చాచి తప్పిన రెండున్నర కిలోలు ఆమెను సింధు తరువాత నిలిపినవే కాని తగ్గించినవి కావు. మూడవ కొలతలో మాత్రము ఆమెకు సాటి లేరు. ఆమె ముందు త్రోవయే లేదు.

మూడవది కోనేరు హంపి. చదరంగము ఆటయా యని కొందరు సందేహింతురు. అయిదారు గంటలు చూపు మరల్పక కూర్చుండి, ఒక్క ఎత్తు తప్పినచో ఓడు ఆటకు దేహబలము వలదనువారు దానిని ఆడి చూడవలెను. గుడివాడకు చెందిన ఈమె 2002లో 15 ఏండ్ల యీడున గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందెను. అంతకు ముందు భారతదేశమున ఏ స్త్రీయు దానిని పొందలేదు. నాటికి లోకమున ఏ స్త్రీయు అంత చిన్న యీడున పొందలేదు. 2017లో తల్లియైన పిదప 2019లోను, మరల 2024లోను ర్యాపిడ్ చదరంగమున ప్రపంచ విజేత యయ్యెను. బిరుదు వచ్చిన 22 ఏండ్లకును లోకమున మొదటి స్థానము గెలుచుట రెండవ కొలతకు మేలైన ఉదాహరణము.

నాలుగవది కొఠారి కనకయ్య నాయుడు, లోకమున సి.కె. నాయుడుగా ప్రసిద్ధుడు. నాగపురమున తెలుగు కుటుంబమున 1895లో జన్మించెను. అంకెలను మాత్రమే చూచువారు ఆయనను విడిచిపెట్టుదురు. ఆయన ఆడిన టెస్ట్ పోటీలు 7, సగటు 25 పరుగులు. కాని ఆయన యీడు పందెము వేరు. నాటికి భారతదేశమునకు టెస్ట్ పోటీలే లేవు. 1926లో ఇంగ్లండు నుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయిలో రెండు గంటల లోపుననే 153 పరుగులు చేసి, 11 సిక్సరులు కొట్టెను. పరాయి పాలకులతో సరిసమానముగా నిలువగలమని జనులు ఆనాడు కన్నులార చూచిరి. 1932లో లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్ట్ జట్టునకు నాయకుడయ్యెను. 1916లో ప్రథమశ్రేణి ఆట మొదలిడి 1963 వరకు ఆడెను. నలువదియేడేండ్లు! లక్ష్మణుని విడిచితినని కొందరు నన్ను నిందింపవచ్చును. 2001లో కలకత్తాలో ఆస్ట్రేలియాపై హైదరాబాదు వాసి వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగులు మరువరానివే. అయితే ఆయన నడచిన బాట వేసినది నాయుడు.

ఐదవది పుల్లెల గోపీచంద్. 1973లో ప్రకాశము జిల్లా నాగండ్లలో పుట్టెను. మోకాటి నరములు తెగి, ఇక ఆడలేడని యనిపించుకొన్న పిదప, 2001లో ఆల్ ఇంగ్లండ్ పోటీలో చైనావాడైన చెన్ హాంగ్‌ను ఓడించి విజేత యయ్యెను. ఆటగానిగా ఆయనకిది యొక్కటియే మహావిజయము గనుక ఐదవ స్థానము. కాని వ్రేళ్లమీద లెక్కించునప్పుడు బొటనవ్రేలు తక్కిన వ్రేళ్లనన్నిటిని తాకునను సంగతి మీరెరుగుదురు. తన యింటిని తాకట్టు పెట్టి ఆయన హైదరాబాదు గచ్చిబౌలిలో శిక్షణాలయము నెలకొల్పెను. హర్యానాలో పుట్టి హైదరాబాదున పెరిగి 2012లో ఒలింపిక్ కాంస్యము తెచ్చిన సైనా నెహ్వాల్, ఇప్పుడు చెప్పిన సింధు, 2022లో భారతదేశము థామస్ కప్పును మొదటిసారి గెలిచిన జట్టులోని కిదాంబి శ్రీకాంత్, అమలాపురపు సాత్విక్ సాయిరాజ్, అందరును అచట అభ్యసించినవారే.

ఇది నా వరుస. మీరు మార్చుకొనవచ్చును, కొలతను మాత్రము ముందు చెప్పి మార్చుడు.

ఇక నొక్క మాట. బయలుదేరిన చోటును నేను కొలతలలో చేర్చలేదు. పేదరైతు ఎడ్లని బండ బరువు తగ్గింపరు గదా. అయినను ఆ సంగతి ఆటగాండ్రు చెప్పవలసినది కాదు, మనము చెప్పవలసినది. సింధు ఇంటినుండి శిక్షణాలయమునకు దినమునకు రానుపోను 56 కిలోమీటర్లు ప్రయాణము చేసెడిది. ఆ త్రోవలో ఆమెకు ఆట తెలిసిన తల్లిదండ్రులు తోడుండిరి. ఊసవానిపేటలో మల్లీశ్వరికి అట్టి సౌకర్యములు లేవు. ఉన్న దొక్కటి: ఆడపిల్ల బరువులెత్తునా యని నలుగురు నవ్వినను ఆమెను బయటికి పంపిన యిల్లు. ఆమె అక్కచెల్లెండ్రును ఆ విద్య నేర్చినవారే.

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున, ఎనిమిదవ తరగతి వరకు మగపిల్లలను వెనుకవేసి పరుగెత్తిన బాలికలను చూచితిని. తొమ్మిదవ తరగతిలో వారు మైదానపు గట్టున కూర్చుండి చూచుచుండుటయు చూచితిని. వారి కాళ్ల బలము తగ్గలేదు. ఈడు వచ్చినదని యింటిలో పెద్దలు వలదనిరి. మరియొక యూర బడి మైదానము గడ్డివాములకును, ట్రాక్టరులకును నెలవైనది. ఎవ్వరును అడుగలేదు.

నేను లెక్కించిన యైదుగురిలో ముగ్గురు స్త్రీలు. నేను వారిని వెదకి చేర్చలేదు. కొలత పెట్టగా వారే వచ్చిరి. కలువాయి సీమలో ఎందరు బాలికలు ఆ గట్టున కూర్చుండిరో యెవరు లెక్కించిరి? పెద్దలారా, ఈ యేడు బడులు తెరచునాటికి రెండు పనులు చేయుడు. మీ యూరి బడి మైదానమునకు హద్దురాళ్లు పాతించి, దానిని ఆటకే విడువుడు. మీ యింట తొమ్మిదవ తరగతికి వచ్చిన పిల్ల ఆడుదునన్నచో, సాయంకాలము ఒక గంట పంపుడు; తోడు కావలసినచో మీరే వెళ్లి గట్టున కూర్చుండుడు. వాదమునకు కావలసిన క్రొత్త పేర్లు అచటినుండియే రావలెను.