కార్డోబాలో రెండు నిమిషాలు

(జోనల్ ఆఫీసు ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగం)

భోజనాల వాసన వస్తోంది కాబట్టి త్వరగానే ముగిస్తాను.

స్పెయిన్ యాత్ర గురించి మాట్లాడమన్నారు. మాడ్రిడ్, బార్సిలోనా ఫొటోలు మీరంతా వాట్సాప్‌లో చూసేశారు. అందుకని ఒక్క ఊరి గురించే చెబుతాను, కార్డోబా. మాడ్రిడ్ నుంచి స్పీడు రైల్లో రెండు గంటలు కూడా పట్టదు. మేం మే నెలలో వెళ్ళాం. జులైలో మాత్రం వెళ్ళకండి, మన రెంటచింతల అక్కడికి వచ్చినట్టుంటుందట!

అక్కడికి వెళ్ళడానికి కారణం రెండో వరసలో కూర్చున్న మా భాయ్. ఒకప్పుడు ఆదోనిలో ఆయన హెడ్ క్యాషియరు, నేను పాసింగ్ ఆఫీసర్ని. లంచ్ టైములో క్యారియర్ విప్పుతూ ఇక్బాల్ కవిత్వం వినిపించేవాడు. ఇక్బాల్ 1933లో కార్డోబా వెళ్ళి, అక్కడి పాత మసీదులో నమాజు చేసి, దాని మీద ఉర్దూలో పెద్ద కవిత రాశాడు. రిటైరయ్యాక ఇద్దరం కలిసి వెళ్ళి చూడాలనుకున్నాం. తీరా సమయం వచ్చేసరికి భాయ్ మోకాళ్ళు ఒప్పుకోలేదు. "నువ్వెళ్ళు యార్. మిహ్రాబ్ ముందు రెండు నిమిషాలు నిలబడి నా పేరు మీద దువా చెయ్యి" అన్నాడు. సరేనన్నాను.

ఆ మసీదు ఇప్పుడు చర్చి. ఎనిమిదో శతాబ్దంలో, సుమారు 785లో, మొదటి అబ్దుల్ రహమాన్ కట్టించడం మొదలుపెట్టాడు. తరవాతి పాలకులు రెండు వందల ఏళ్ళపాటు పెంచుకుంటూ పోయారు. 1236లో మూడో ఫెర్డినాండ్ రాజు ఊరు గెలిచి దాన్ని చర్చి చేశాడు. ముందు నారింజ చెట్ల ఆవరణ, అది దాటి లోపలికి వెళితే చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక స్తంభాలు కనిపిస్తాయి, ఎటు చూసినా స్తంభాలే. మన వేయిస్తంభాల గుడిలో వెయ్యి లెక్క తేలదు కానీ, ఇక్కడ నిజంగానే 850కి పైగా ఉన్నాయి.

వాటిలో చాలావరకు పాత కట్టడాల నుంచి తెచ్చినవి. రోమన్లవి కొన్ని, విసిగోతులవి కొన్ని. రంగులు వేరు, తలకట్లు వేరు. అవన్నీ పొట్టివి. వాటి మీదే కప్పు వేస్తే అంత పెద్ద హాలు గుహలా ఉండేది. అందుకని ఆ మేస్త్రీలు కమాను మీద కమాను పెట్టారు. కింది కమాను స్తంభాలను ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, పైది కప్పును మోస్తుంది. ఎర్ర ఇటుక, తెల్ల రాయి మార్చి మార్చి పేర్చడంతో చారలు వచ్చాయి. మా ఆవిడ అక్కడే ఒక స్తంభం పక్కన అరగంట కూర్చుండిపోయింది. ఏ షాపింగ్‌లోనూ ఆమె అంతసేపు ఒకచోట కూర్చోవడం నేను చూడలేదు.

సరిగ్గా ఆ స్తంభాల నడుమ ఎత్తైన చర్చి హాలు లేచింది. 1523లో పని మొదలుపెడితే నగర సభ ఒప్పుకోలేదు. కూల్చే పనిలో చేరిన వాళ్ళకి మరణశిక్ష అని చాటింపు కూడా వేయించింది. చర్చి వాళ్ళు అయిదో చార్లెస్ చక్రవర్తి దగ్గరికి వెళ్ళి అనుమతి తెచ్చుకున్నారు. ఆయన అప్పటికి ఆ కట్టడాన్ని చూడనే లేదు. సైట్ ఇన్స్‌పెక్షన్ లేకుండా శాంక్షన్ అన్నమాట! తరవాత చూసి బాధపడ్డాడని చెప్పుకుంటారు.

ఇక లోన్ ఫైళ్ళు చూసిన వాళ్ళకి మరీ నచ్చే సంగతి. 2006లో అక్కడి బిషప్పు కార్యాలయం ఈ కట్టడాన్ని చర్చి పేరు మీద రిజిస్టరు చేయించుకుంది. ఫీజు 30 యూరోలు. లింకు డాక్యుమెంట్లు అక్కర్లేదు, అప్పటి చట్టం ప్రకారం బిషప్పు ఇచ్చే సర్టిఫికెట్టే చాలు. మన ప్యానెల్ అడ్వకేటు అయితే ఫైలు వెనక్కి కొట్టేవాడు. దీని మీద స్పెయిన్‌లో పెద్ద గొడవ అయింది, ఆ సౌకర్యాన్ని 2015లో ఎత్తేశారు. 1236 నుంచీ తమ స్వాధీనంలోనే ఉందని చర్చి వాదన. అందులోనూ పస లేకపోలేదు. సెవిల్‌లో పెద్ద మసీదును పడగొట్టి కెథీడ్రల్ కట్టారు. ఇక్కడ చర్చిగా వాడుకోవడం వల్లే ఇంత మిగిలిందని నాకనిపించింది. కానీ మనసులో లీగల్ ఒపీనియన్ రాద్దామంటే నా కలం కదల్లేదు.

సరే, మిహ్రాబ్. బంగారు రంగు మొజాయిక్. ఆ పనికి బైజాంటియం చక్రవర్తి పనివాణ్ణి, మొజాయిక్ ముక్కల్ని పంపాడని చరిత్రకారులు రాశారు. అంటే మసీదుకి క్రైస్తవ రాజు పంపిన సామాను. ముందు కటకటాలున్నాయి. పక్కనే గార్డు. అక్కడ ముస్లింల ప్రార్థనకు అనుమతి లేదు. స్పెయిన్ ముస్లింలు అడిగారు, చర్చి ఒప్పుకోలేదు. నేను ముస్లింని కాను, అయినా మాటిచ్చి వచ్చాను. చేతులు ఎత్తబోయాను. గార్డు ఇటు చూశాడు. చేతులు జేబులో పెట్టుకున్నాను. ముప్పై ఆరేళ్ళు సర్క్యులర్లు పాటించిన చేతులు మరి. భాయ్ మోకాళ్ళు బాగుపడాలని తెలుగులో అనుకుని, రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను.

ఆ సాయంత్రం పాత ఊరి సందుల్లో తిరిగాం. తెల్ల సున్నం గోడలు, మన మండువా లోగిళ్ళలా నడిమి వాకిళ్ళు, గోడల నిండా పూలకుండీలు. పై కుండీలకి నీళ్ళు పొయ్యడానికి పొడుగాటి కర్రకి డబ్బా కట్టుకుంటారు. మేలో ఇళ్ళ వాళ్ళే వాకిళ్ళు తెరిచి అందరికీ చూపిస్తారు. శాకాహారులకి ఒక మాట: వంకాయ వేపుడు మీద చెరకు పాకం పోసి ఇస్తారు, బాగుంటుంది. టమాటాతో చేసే సాల్మొరేహో చల్లగా ఉంటుంది కానీ, పైన పంది మాంసం, గుడ్డు ముక్కలు చల్లుతారు, ముందే వద్దని చెప్పాలి.

ఇవన్నీ తింటున్నా నాకు మనసు కుదురుగా లేదు. రాత్రి భాయ్‌కి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చేతులు ఎత్తలేదు, భయపడ్డాను అని. అవతల కాసేపు మాట లేదు. తరవాత అడిగాడు, "ఆ మిహ్రాబ్ ఎటు తిరిగి ఉందో చూశావా?"

చూడలేదన్నాను.

"దక్షిణానికి. మక్కా అక్కణ్ణుంచి చాలా తూర్పుకి ఉంటుంది యార్. నాలుగున్నర శతాబ్దాలు అందరూ అటే తిరిగి నమాజు చేశారు. నీ చేతులు జేబులో ఉంటే అల్లాకి కనపడవా? ఇంతకీ ఫొటో తీశావా, లేదా?"

తీశాను. ఇప్పుడు ఆయన ఇంట్లో హాల్లో ఉంది. కొంచెం వంకరగా వచ్చింది. వచ్చే నెల ఆయన రెండో మోకాలికి ఆపరేషన్. డాక్టరు మూడు నెలలన్నారు, మేం ఏప్రిల్‌కి టికెట్లు చూస్తున్నాం.