చెప్పని చదువునకు జీతమా?

(విద్యార్థులును, వారి తల్లిదండ్రులును గూడిన సభలో చేసిన ఉపన్యాసము)



బడికిని, కళాశాలకును చెల్లించు రుసుమును మన పెద్దలు జీతమనెడివారు. ఆ మాటలోనే ధర్మమున్నది. చేసిన పనికి ప్రతిఫలము జీతము. చదువు చెప్పినంతకాలమునకు జీతము ముట్టవలసినదే. అందు మాకు వివాదము లేదు. చెప్పని నెలలకు జీతమెట్లు చెల్లునన్నదే నేడు మేము మీ యెదుట నుంచదలచిన ప్రశ్న.

ఈ విషయమున నిబంధనలు లేకపోలేదు. 2018వ సంవత్సరము అక్టోబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు ఒక ప్రకటన గావించిరి. ప్రవేశముల తుదిదినమునకు 15 దినములు గాని, అంతకుమించి గాని ముందుగా విరమించుకొనిన వారికి రుసుము మొత్తము మరల నీయవలెను. ఖర్చులక్రింద నూటికి 5 వంతులు, అదియు 5,000 రూపాయలకు మించకుండ, తగ్గించుకొనవచ్చును. ఆ 15 దినములలోపల విరమించినచో నూటికి 90 పాళ్లు. తుదిదినము గడచిన 15 దినములలో 80. 30 దినములలో 50. విన్నపము వ్రాసియిచ్చిన 15 దినములలో సొమ్ము ముట్టవలెను. అసలు ధ్రువపత్రములను కళాశాలవారు నిలిపియుంచుకొనరాదు.

మంచి నిబంధనలే. అయినను ముప్పదియొకటవ దినమున దక్కునదేమి? సున్న!

ఒక కళాశాలను విడిచి మేలైన మరియొకదానికి పోవువాడు ప్రవేశముల దినములలోనే పోవును. ఈ పట్టిక వానిని కాపాడును. తండ్రి గతించిన బిడ్డయు, రోగము పాలైన బాలుడును, పంట పోయిన రైతు కొడుకును ఏమి కావలెను? ఆపద తిథివారములు చూచుకొని రాదు గదా! మిక్కిలి అక్కరగలవానికే ఈ పట్టికలో చోటు లేదు.

నడుమ ఖాళీయైన స్థానము నిండదనియు, ఉపాధ్యాయుల వేతనములు తగ్గవనియు కళాశాలలవారందురు. ఇది త్రోసివేయదగిన వాదము గాదు. కాని 2003లో ఇస్లామిక్ అకాడమీ వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానమేమి చెప్పినది? నడుమ విడిచిపోవునని శంకించిన విద్యార్థినుండి పూచీపత్రము తీసికొనుటకు సందిచ్చినను, ఒక్క సెమిస్టరునకో, వత్సరమునకో మాత్రమే రుసుము గైకొనవలెననినది. ముందుగా గైకొనిన మిగత సొమ్మును జాతీయ బ్యాంకులో డిపాజిట్టుగా నుంచి, దాని వడ్డిని విద్యార్థికే ఈయవలెననినది. అనగా రాని వత్సరపు రుసుము సంస్థసొమ్ము గాదు. వత్సరములకు చెల్లిన ధర్మము నెలలకు చెల్లదా?

కావున మేము కోరునవి రెండు. రుసుమును ఏడాదికొక్కమారు గాక మూడునెలలకొక్కమారు వసూలు చేయవలెను. మరణము, వ్యాధి మున్నగు విపత్తులచే చదువు మానినవారికి, గడువుతో నిమిత్తము లేక, మిగిలిన నెలల రుసుము మరల నీయవలెను.

విద్యార్థులారా! నోటిమాటను నమ్మి కాలము గడపకుడు. విరమించిన దినముననే విన్నపము వ్రాసియిచ్చి, తేదీతో రసీదు పుచ్చుకొనుడు. సంస్థాధికారులారా! చదువు తెగిన బిడ్డను వట్టిచేతులతో నింటికి పంపకుడు. నేడు మీరిచ్చి పంపిన సొమ్మే వానిని మరల మీ వాకిటికి తెచ్చునేమో!